నిద్రకు ఏది మేలు: గసగసాల పాలా, జాజికాయా, అశ్వగంధా?

హైదరాబాద్ బేగం బజార్‌లో ఏ కిరాణా దుకాణం ముందైనా నిలబడి "నిద్ర పట్టట్లేదు, ఏమైనా ఉందా" అని అడిగితే మూడు పొట్లాలు బయటికొస్తాయి. ఒకటి గసగసాలు, రెండోది జాజికాయ, మూడోది అశ్వగంధ చూర్ణం. మూడింటికీ చెప్పే పద్ధతి ఒకటే: "రాత్రి పాలల్లో కలుపుకొని తాగండి." గ్లాసులో పడ్డాక మూడూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒంట్లోకి వెళ్లాక వాటి దారులు వేరు. ఒకటి నల్లమందు మొక్క గింజ. ఒకటి ఎక్కువైతే మతి చెదరగొట్టే నూనె ఉన్న కాయ. ఇంకోటి వారాల తరబడి తింటే తప్ప పని కనిపించని వేరు.

తీర్పు ముందే చెప్పేస్తే: వారాలుగా నిద్ర సరిగా లేనివాళ్లకు ఈ మూడింట్లో మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లి కాస్తో కూస్తో నిలబడింది అశ్వగంధ వేరు ఒక్కటే. గసగసాల పాలు మంచి ఆహారం, మందు కాదు. జాజికాయ వాసన వరకే. ఈ రాత్రికి ఈ రాత్రే కళ్లు మూతపడాలంటే మూడింట్లో ఏదీ ఆ పని చేయదు. పైగా చాలామంది విషయంలో వీటికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది.

ముందు చాయ్ లెక్క

ఈ ఊళ్లో రాత్రి తొమ్మిదికి చాయ్ తాగడం తప్పుగా ఎవరూ అనుకోరు. ఇరానీ హోటల్ బల్ల మీద రెండు ఉస్మానియా బిస్కట్లు, అర కప్పు చాయ్, గంట కబుర్లు. ఆ తర్వాత ఇంటికొచ్చి గసగసాల పాలు తాగి, నిద్ర రాలేదని గసగసాలను తిట్టుకుంటారు.

మెదడు మేలుకొని పనిచేసినంతసేపూ అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాలకు అతుక్కుంటే మగత వస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాల్లోకి ముందే దూరి కూర్చుంటుంది. అలసట అక్కడే ఉంటుంది, మనకు తెలియదంతే. పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి 100 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళితే రాత్రి పదకొండుకు ఇంకా 50 మిగిలే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్లలో ఈ సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. సిగరెట్ తాగేవాళ్లలో తగ్గుతుంది, అందుకే వాళ్లు "నాకు చాయ్ ఏం చేయదు" అని ధీమాగా చెప్తారు. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన 2013 నాటి పరీక్షలో నిద్ర గంటకు పైగా తగ్గింది. అది నాలుగైదు కప్పుల కాఫీ లెక్క కాబట్టి అర కప్పు చాయ్‌కి అంత దెబ్బ ఉండదు. కానీ రోజుకు ఆరు అర కప్పులు తాగేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. డికాక్షన్ గంటల తరబడి దమ్ము మీద ఉంటుంది కాబట్టి ఇరానీ చాయ్‌లో కెఫీన్ విపరీతంగా ఉంటుందని అనుకుంటారు. ఆకులోని కెఫీన్‌లో ఎక్కువ భాగం మరిగే నీళ్లలో మొదటి కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు మరిగినా దిగేది వగరు, రంగు, చిక్కదనం. కెఫీన్ ఎంత అనేది ఎంత పొడి వేశారన్న దాన్నిబట్టే ఉంటుంది. పాలు ఎక్కువ పోస్తే కప్పులో డికాక్షన్ తగ్గుతుంది కాబట్టి కెఫీన్ తగ్గుతుందే తప్ప, పాలు దాన్ని విరిచేయడమంటూ ఏమీ లేదు.

కాబట్టి మొదటి రెండు వారాలు ఏ పొడీ కొనకుండా మధ్యాహ్నం మూడు తర్వాత చాయ్, కాఫీ, కోలా ఆపి చూడండి. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు వస్తాయి. అది కెఫీన్ మానేసినప్పుడు వచ్చేదే, వారంలో పోతుంది. ఒక్కసారిగా ఆపలేకపోతే రోజుకు ఒక కప్పు చొప్పున, సాయంత్రం కప్పు నుంచి మొదలుపెట్టి తగ్గించండి. దీంతోనే నిద్ర కుదిరితే కింద రాసిందంతా వంటకు పనికొచ్చే సమాచారమే.

గసగసాలు: పేరుకు నల్లమందు, పనికి ఆహారం

గసగసాలు నల్లమందు మొక్క గింజలే. ఈ మాట వినగానే కొందరు భయపడతారు, కొందరి కళ్లు మెరుస్తాయి. ఇద్దరి లెక్కా తప్పే. మార్ఫిన్, కోడీన్, థీబైన్ లాంటి నల్లమందు పదార్థాలు ఉండేది కాయ గోడల్లోని పాలలో. గింజ లోపల దాదాపు ఏమీ ఉండవు. కాయలు కోసి గింజలు దులిపేటప్పుడు ఆ పాలు, కాయ పొట్టు గింజ పైతొక్కకు అంటుకుంటాయి. గింజ మీద మిగిలేది ఆ అంటుకున్నదే. మన చట్టంలో కూడా ఇదే తేడా ఉంది: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గసగసాల మొక్క భాగాలను నిషేధిస్తూ గింజలను మాత్రం మినహాయించింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్రం లైసెన్సు ఇచ్చిన రైతులే ఈ పంట వేస్తారు. చాలని సరుకు టర్కీ లాంటి చోట్ల నుంచి దిగుమతి అవుతుంది.

ఎంత అంటుకుంటుందో లెక్క వేయొచ్చు. ఐరోపా దేశాల్లో వినియోగదారుడికి అమ్మే గసగసాల్లో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి మార్ఫిన్ తరహా పదార్థాలు ఉండకూడదని 2022 నుంచి పరిమితి ఉంది. పాలల్లో వేసుకునే రెండు టీస్పూన్లు దాదాపు 6 గ్రాములు. ఆ పరిమితి అంచున ఉన్న సరుకైనా సరే, 6 గ్రాముల్లో ఉండేది 0.12 మిల్లీగ్రాములు. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మామూలు మార్ఫిన్ మాత్ర 10 మిల్లీగ్రాములు. ఎనభయ్యో వంతు. కడిగి, నానబెట్టి, మరిగిస్తే ఇంకా తగ్గుతుంది. ఆ గ్లాసు తాగాక వచ్చే హాయి వేడి పాలది, నిండిన కడుపుది, లైట్లు ఆపి పదినిమిషాలు కదలకుండా కూర్చున్నదానిది.

అలాగని తీసిపారేసేది కాదు. గింజ బరువులో దగ్గర దగ్గర సగం నూనె, 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. రాత్రి ఆకలికి మెలకువ వచ్చేవాళ్లకు, పెద్దవయసులో సరిగా తినలేనివాళ్లకు ఈ గ్లాసు నిజంగా పనికొస్తుంది.

చేసే పద్ధతి. రెండు టీస్పూన్ల గసగసాలు సన్నటి వడగుడ్డలో వేసి నీళ్లల్లో రెండు మూడుసార్లు జాడించాలి. మామూలు టీ జల్లెడలోంచి గింజలు జారిపోతాయి. తర్వాత గోరువెచ్చటి నీళ్లల్లో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. గింజ మీద అంటుకున్నదంతా దిగేది ఆ నీళ్లలోకే కాబట్టి అవి తాగకూడదు. నాలుగు నానిన బాదం పప్పులు, రెండు చెంచాల పాలు వేసి మెత్తగా రుబ్బి, 200 మిల్లీలీటర్ల పాలల్లో కలిపి సన్నసెగ మీద అయిదారు నిమిషాలు గరిటె ఆడిస్తూ మరగనివ్వాలి.

చెడేది ఎక్కువగా రుబ్బే దగ్గరే. నానకుండా మిక్సీలో వేస్తే గింజలు బ్లేడు కింద చిక్కకుండా అంచులకు ఎగిరి గుండ్రంగా తిరుగుతుంటాయి, పాలు గరుకుగా, పళ్లకింద ఇసుకలా వస్తాయి. కొద్ది గింజలే కదా అని పెద్ద జార్ వాడితే అస్సలు నలగవు. చట్నీ జార్ గానీ చిన్న రోలు గానీ మేలు. నిజంగానే ఇసుక తగిలితే అది కడగడంలో లోపం: జాడించేటప్పుడు అడుగున దిగిన మట్టిని కూడా గుడ్డలోకి వంచేశారన్నమాట. పాలు చేదుగా, పాత నూనె వాసన వేస్తే గింజలు ముక్కిపోయాయి. సగం నూనె ఉన్న గింజ ఎండాకాలంలో గట్టుమీద డబ్బాలో ఉంటే రెండు నెలలు ఆగదు, ఫ్రిజ్‌లో పెట్టాలి.

కల్తీ సంగతి కూడా. గసగసాల ధరకు తోటకూర జాతి రాజ్‌గిరా గింజలు కలిపేవాళ్లున్నారు. ఒక చిటికెడు నల్ల కాగితం మీద పోసి ఫోన్ కెమెరాను దగ్గరికి లాగి చూడండి. గసగసం మూత్రపిండం ఆకారంలో ఒంపు తిరిగి, పైన వల అల్లినట్టు గీతలతో ఉంటుంది. రాజ్‌గిరా గుండ్రంగా, చదునుగా, అంచుకు చిన్న గట్టు కట్టినట్టు, నున్నగా మెరుస్తుంది. ఒకసారి చూస్తే మళ్లీ మోసపోరు.

"అంత తక్కువ ఉంటే ఎక్కువ వేసుకుంటే సరి" అన్న ఆలోచన మాత్రం వద్దు. కడగని గింజల మీద అంటు ఎంతుందో కంటికి తెలియదు. ఒక బస్తాకూ ఇంకో బస్తాకూ ఎన్నో రెట్ల తేడా వస్తుంది. అలాంటి గింజల నీళ్లు తాగి ఊపిరి ఆగి చనిపోయినవాళ్లు విదేశాల్లో ఉన్నారు. వంటకు వాడే మోతాదు దాటితే ఇది ఆహారం కాదు, కొలత తెలియని మందు.

జాజికాయ: మోతాదుకీ విషానికీ మధ్య ఇరుకు

మూడింట్లో జాగ్రత్త ఎక్కువ అవసరమైనదీ, మనవాళ్లు తక్కువ జాగ్రత్త పడేదీ ఇదే. పులావులో, కిళ్లీలో, లడ్డూలో వేస్తాం కాబట్టి మందు అన్న స్పృహే ఉండదు.

కాయను అడ్డంగా కోస్తే లేత రంగు గుజ్జులో గోధుమరంగు గీతలు మెలికలు తిరిగి పాలరాయిలా కనిపిస్తాయి. వాసన నూనె ప్రధానంగా ఆ గీతల్లోనే ఉంటుంది. కాయ బరువులో 5 నుంచి 15 శాతం ఈ నూనె. అందులో మిరిస్టిసిన్, ఎలెమిసిన్, సఫ్రోల్ అనేవి ఉంటాయి. చిటికెడు మోతాదులో ఇవి వాసన వరకే. మోతాదు పెరిగితే మెదడు మీద పని మొదలవుతుంది, అది నిద్ర రూపంలో మాత్రం రాదు.

పాలల్లో వాసనకు కావలసింది టీస్పూన్‌లో ఎనిమిదో వంతు, అంటే పావు గ్రాము. కాయ మొత్తం అయిదు గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. విష లక్షణాలు కనిపించడానికి ఇంచుమించు ఆ 5 గ్రాములు చాలు, కొందరిలో ఇంకా తక్కువకే. అంటే మోతాదుకీ విషానికీ మధ్య దూరం ఇరవై రెట్లు. వంటింటి దినుసుకు అది పెద్ద దూరమేం కాదు. టీస్పూన్ నిండా పొడి గ్లాసులో పడితే దాదాపు సగం దూరం దాటినట్టే.

అసలు చిక్కు సమయంతో. జాజికాయ ప్రభావం వెంటనే రాదు, మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. పదింటికి అర చెంచా తాగినవాడు పదకొండుకు "ఏం కాలేదే" అని ఇంకో చెంచా కలుపుకుంటాడు. రెండింటికి గుండె దడదడ కొట్టుకుంటూ లేస్తాడు. నోరు అట్టకడుతుంది, మొహం ఎర్రబడుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కాలం ఆగిపోయినట్టు, ఏదో అయిపోతున్నట్టు భయం. ఇది ఒకరోజంతా, కొందరిలో రెండు రోజులు కూడా ఉంటుంది. అలాంటప్పుడు మజ్జిగ, నిమ్మరసం అంటూ ఇంట్లో ప్రయోగాలు చేయకుండా 108కి ఫోన్ చేసి, ఎంత పొడి ఎప్పుడు తిన్నారో డాక్టర్‌కి చెప్పాలి. విరుగుడు మందంటూ లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. "మత్తు కోసం తిన్నాడా" అన్న మాట ఎదురవుతుందని దాచిపెట్టేవాళ్లున్నారు. దాచితే వైద్యం ఇంకో దారిలో పోతుంది.

చంటిపిల్లల సంగతి విడిగా చెప్పాలి. జాజికాయ, వస కొమ్ము సానరాయి మీద అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్లల్లో పాత అలవాటు. బిడ్డ "హాయిగా పడుకుంటుంది" అన్న మాటలోనే ప్రమాదం ఉంది. నాలుగు కిలోల బిడ్డకు పెద్దవాళ్ల చిటికెడు చిటికెడు కాదు. రాయి మీద ఎన్ని చుట్లు తిప్పితే ఎంత దిగుతుందో ఎవరికీ తెలియదు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. బిడ్డ నిద్రపోకపోతే ఆకలో, కడుపులో గాలో, తడి గుడ్డో చూడాలి. ఆ సానరాయిని గంధానికి ఉంచుకోండి.

మనుషుల్లో జాజికాయ నిద్ర పెంచుతుందని గట్టిగా తేల్చిన పరీక్షలు లేవు. ఎలుకల మీద కొన్ని ఉన్నాయి, ఎలుకలకు ఇచ్చిన మోతాదులు మన చిటికెడుతో పోల్చేవి కావు. అందుకే రాత్రి పాలల్లో కాయను తురుము పీట మీద నాలుగు గీతలు గీసి వేసుకోండి, వాసన బాగుంటుంది. అంతకుమించి ఆశించకండి.

కొనేటప్పుడు పొడి వద్దు, కాయే కొనాలి. పొడిలో నూనె నెలల్లో ఎగిరిపోతుంది, వాసన రాక చెంచా పెంచుతూ పోతారు, మోతాదు చేయి దాటేది అక్కడే. పురుగు తొలిచిన సన్న చిల్లులున్నవి, బూజు పట్టినవి పక్కన పెట్టండి. జాజికాయకు బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పట్టే గుణం ఉంది. సూది కాల్చి గుచ్చితే రంధ్రం చుట్టూ నూనె చెమ్మ కనిపించాలి.

అశ్వగంధ: నిదానంగా, వేరు మాత్రమే

తెలుగులో పెన్నేరు గడ్డ. లాటిన్ పేరులో 'సోమ్నిఫెరా' అంటే నిద్ర తెచ్చేది. పేర్లు ఎప్పుడూ నిజం చెప్పవు గానీ ఈసారి కాస్త చెప్పింది. రాయలసీమలో, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో సాగవుతుంది. ఔషధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమ్యాప్‌కు మన బోడుప్పల్‌లో కేంద్రం ఉంది. యునానీ హకీములు దీన్నే అస్గంధ్ అంటారు. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా ఉన్న ఊళ్లో ఈ పేరు కొత్తేం కాదు.

దీని వేరులో పనిచేసేవిగా చెప్పే పదార్థాలు వితనొలైడ్లు. నిద్ర సరిగా లేనివాళ్లకు వేరు ఎక్స్‌ట్రాక్ట్ (గాఢమైన సారం) 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 8 నుంచి 10 వారాలు ఇచ్చి చేసిన పరీక్షల్లో నిద్ర పట్టే సమయం తగ్గింది, నిద్ర నాణ్యత పెరిగింది. అన్ని పరీక్షలనూ కలిపి చూస్తే మేలు చిన్నదే కానీ ఉంది, రోజుకు 600 మిల్లీగ్రాములు, 8 వారాలకు పైగా తీసుకున్నవాళ్లలో ఎక్కువ. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గడం కూడా కొన్ని పరీక్షల్లో కనిపించింది. కాబట్టి ఆలోచనలు తిరుగుతూ నిద్రపట్టని మనిషికి ఇది సరిపోయే అవకాశం ఎక్కువ. మోకాళ్ల నొప్పికో, గురకకో, రాత్రి నాలుగుసార్లు మూత్రానికో లేచే మనిషికి దీంతో పని లేదు.

చూర్ణమా, క్యాప్సూలా? లెక్క చూడండి. 5 శాతం వితనొలైడ్లు అని రాసిన 300 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఉండేది 15 మిల్లీగ్రాములు. మామూలు వేరు పొడిలో అర శాతం కూడా ఉండకపోవచ్చు, కాబట్టి 3 గ్రాముల చూర్ణం, అంటే నిండు టీస్పూన్, ఒక క్యాప్సూల్‌కు దగ్గరగానో కాస్త తక్కువగానో వస్తుంది. ఆయుర్వేదంలో చూర్ణం రోజుకు 3 నుంచి 6 గ్రాములని చెప్పిందీ ఈ లెక్కకు దగ్గరే. చూర్ణం చవక, కానీ సంచికీ సంచికీ తేడా. క్యాప్సూల్ ఖరీదు, కానీ అంకె రాసి ఉంటుంది. పరీక్షలు జరిగింది ఎక్స్‌ట్రాక్ట్‌తో కాబట్టి ఫలితం తూకం వేసి చూసుకోవాలనుకునేవాళ్లకు క్యాప్సూలే మేలు.

డబ్బా మీద మూడు చూడాలి: 'వేరు' అని రాసి ఉందా, వితనొలైడ్ల శాతం ఉందా, ఆయుష్ లైసెన్సు నంబరు ఉందా. వేరు అని ఎందుకంత పట్టుబట్టడమంటే, ఆకు చవక, ఆకులో వితాఫెరిన్ ఎ అనే వితనొలైడ్ ఎక్కువ, ఆకు కలిపితే వితనొలైడ్ల శాతం సులువుగా పెరిగి కనిపిస్తుంది. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది. ఇక్కడో తమాషా ఉంది: జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఎలుకల మీద చూస్తే, నిద్ర తెచ్చింది ఆకు నీటి సారంలోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ అని తేలింది, వితనొలైడ్లున్న ఆల్కహాల్ సారం నిద్ర తేలేదు. అంటే డబ్బా మీద మనం వెతికే శాతం నిద్రకు సరైన కొలమానమేనా అన్నది ఇంకా తెగని ప్రశ్న. అయినా సరుకు నాణ్యతకు మన చేతిలో ఉన్న ఆనవాలు ప్రస్తుతానికి అదే.

చూర్ణం వాడేవాళ్లకు: గుర్రం ఒంటి వాసన ఉన్న వేరు కాబట్టే ఆ పేరు. డబ్బా తీస్తే మట్టి, చెమట కలిసినట్టు ఘాటు తగలాలి. పిండిలా ఏ వాసనా లేకుంటే అది పాతదో, పిండి కలిపిందో. వేడి పాలల్లో నేరుగా వేస్తే ఉండలు కట్టి పైన తేలుతుంది. ముందు రెండు చెంచాల చల్లటి పాలల్లో జారుగా కలిపి, తర్వాత వేడి పాలు పోయాలి. మొదటి వారం అర టీస్పూన్, రాత్రి భోజనం అయ్యాక. ఖాళీ కడుపున తాగితే వికారం, విరేచనాలు. మానేయడానికి ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. బెల్లం వేస్తే చేదు ఆగుతుంది, తేనె వేడి పాలల్లో కాకుండా చల్లారాక వేసుకోండి.

మొదటి రాత్రి, మొదటి వారం ఏమీ తెలియదు. ఆరు వారాల దాకా చూడాలి. ఎనిమిది వారాలకూ తేడా లేకపోతే ఇంకో డబ్బా కొనకండి. తేడా ఉంటే మూడు నెలలకు ఆపి చూడండి. అంతకుమించి వాడితే ఏమవుతుందో పరీక్షించిన సమాచారం తక్కువ.

ఎవరు ముట్టుకోకూడదు? గర్భిణులు. థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్లు, థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లు కూడా, ఎందుకంటే ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, ఆ మాత్ర మోతాదు తలకిందులవుతుంది. షుగర్, బీపీ, నిద్ర, ఫిట్స్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు కొన్ని వైద్య పత్రికల్లో వచ్చాయి: మొదలుపెట్టిన కొన్ని వారాలకు దురద, ముదురు మూత్రం, కళ్లు పచ్చబడటం. ఎక్కువమంది ఆపేశాక కోలుకున్నారు. డెన్మార్క్ 2023లో అశ్వగంధను ఆహార పదార్థాల్లో నిషేధించింది. అరుదే, కానీ ఒళ్లు దురదపెడితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ కొనసాగించకండి, ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి.

మిగతావి రెండు ముక్కల్లో

సూపర్ మార్కెట్ అరల్లో ఉండే చామంతి టీలో, అంటే కమోమైల్ టీలో, ఎపిజెనిన్ అనే పదార్థం ఉంది. అది నిద్రమాత్రలు పట్టుకునే గ్రాహకాలనే పట్టుకుంటుంది, కాకపోతే చాలా బలహీనంగా. కెఫీన్ లేదు, హాని తక్కువ. రాత్రి చాయ్ చేతిలో లేకపోతే తోచనివాళ్లకు కప్పు మార్చుకోవడానికి బాగుంటుంది. మన పూజకు వాడే చామంతి ఇది కాదు. గుడిమల్కాపూర్ మార్కెట్ పూలు ఎండబెట్టి కాచుకోవద్దు, వాటి మీద కొట్టిన మందులు కూడా కప్పులోకి వస్తాయి.

పసుపు పాలు జలుబు రాత్రికి సుఖం, నిద్రతో సంబంధం లేదు. జటామాంసి హిమాలయాల్లో అంతరించే దశకు చేరిన మొక్క. దుకాణంలో దొరికేదాంట్లో ఏముందో చెప్పడం కష్టం, వదిలేయండి. కల్లు తాగితే బాగా నిద్ర వస్తుందనేవాళ్లకు ఒకటే మాట: తెలంగాణలో కల్తీ కల్లులో దొరికేది చెట్టు గుణం కాదు, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు. కొన్నాళ్లు తాగి హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్ వస్తాయి. అలాంటివాళ్లను ఈ పాల గ్లాసులతో ఇంట్లో సరిచేయాలని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎవరికి ఏది

సాయంత్రం చాయ్ తాగే ఐటీ ఉద్యోగికి, ముందు చాయ్ ఆపడం. ఆపినా ఆలోచనలు ఆగకపోతే వేరు క్యాప్సూల్, రెండు నెలలు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునేవాళ్లకు అశ్వగంధ కంటే చీకటి పరదా ఎక్కువ పనిచేస్తుంది. తినడం తగ్గి, నాలుగింటికే లేచి కూర్చునే పెద్దాయనకు గసగసాల పాలు, పైన రెండు గీతల జాజికాయ. ఆయన బీపీ మాత్రలు వేసుకుంటారు కాబట్టి అశ్వగంధ జోలికి పోకపోవడమే మంచిది. గర్భిణికి మూడింట్లో ఏదీ మందుగా వద్దు. పిల్లలకు అసలే వద్దు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు, మూడు నెలలుగా వారంలో మూడు రాత్రులైనా నిద్ర లేనివాళ్లకు పొట్లాలు కాదు, డాక్టర్.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఈ లెక్క వేరు. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో గసగసాలు నిషిద్ధం, అక్కడ వాటిని మాదకద్రవ్యంగానే చూస్తారు. శంషాబాద్‌లో ఎవరూ ఆపకపోవచ్చు, దిగిన చోట ఆపుతారు. అమ్మ సర్దే పెట్టెలో విడి గసగసాలు లేకపోయినా మటన్ మసాలా పొట్లంలో, ఇంట్లో కొట్టిన గరం మసాలాలో, గసాలు అద్దిన అరిసెల్లో ఉంటాయి. జాజికాయ కూడా సౌదీలో ఇబ్బంది పెట్టే వస్తువే, దాన్నీ తీసేయండి. ఉద్యోగానికి మూత్ర పరీక్ష ఉన్నవాళ్లు దానికి నాలుగైదు రోజుల ముందు నుంచే గసగసాల కూర, పాలు మానేయాలి. మత్తు రాని మోతాదైనా పరీక్షలో మార్ఫిన్ కనిపించవచ్చు. ఈ తంటా వల్లనే అమెరికా 1998లో ఆ పరీక్ష హద్దును మిల్లీలీటర్‌కు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది, 2023లో తమ సైనికులను గసగసాలు తినొద్దని చెప్పింది. గల్ఫ్‌లో కూర చిక్కబడాలంటే పది జీడిపప్పులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి నానబెట్టి రుబ్బి వేసుకుంటే చాలు.